డాక్టరమ్మ అడిగిన కూర

నాయన చిత్తూరులో తెల్ల డాక్టరమ్మ బంగళాకు తోటమాలి. యుద్ధం రోజులు. ఓడలు సరిగా నడవక ఆమె సొంత ఊరి మొహం చూసి నాలుగేళ్ళయింది. ఒకరోజు ఊటీ నుంచి తెప్పించిన విత్తనాల పొట్లం నాయన చేతిలో పెట్టి, క్రిస్మస్‌కు ఆ కూర తినాలని ఉందంది. పొట్లం మీద బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అని ఉంది. క్యాబేజీని మా వైపు కోసు అంటాం. విత్తనాలు చూసి ఇదీ కోసు జాతిదేనని నాయనకు అర్థమైంది. మిగతాది అడిగి తెలుసుకోవడం ఆయనకు నామోషీ.

బంగళా బావిలో ఉప్పునీళ్ళు. అందుకని మా పెరట్లోనే నారు పోశాడు. పోసింది ఆయన, నీళ్ళు మోసింది నేను. ఇరవై మొక్కలకు పొద్దున, సాయంత్రం వీధి చివరి బావి నుంచి బిందెలు మోసి మోసి నడుం పడిపోయేది. అయినా మోశానంటే నా స్వార్థం నాకుంది. డాక్టరమ్మ ఆసుపత్రిలో కొత్త సంవత్సరానికి నర్సు పని నేర్పడానికి అమ్మాయిలను చేర్చుకుంటారు. నాకు పదహారేళ్ళు, ఎనిమిదో తరగతి పాసయ్యాను. ఆ దారి తప్పితే ఇక పెళ్ళే. నాయన ఒక్క మాట అడిగితే చాలు.

"వట్టి చేతుల్తో పొయ్యి ఎట్టడిగేది పాపా? కూర పండనీ. బుట్ట ముందర పెట్టి అడుగుతా" అన్నాడు.

మొక్కలు నడుమెత్తు పెరిగాయి. పైన కోసు గడ్డ మాత్రం కట్టలేదు. ఆకుల చంకల్లో గోలీలంత పిలకలు వస్తున్నాయి. ఏ మొక్కకైనా పక్క పిలకలు గిల్లి తలకు బలం పట్టించడం నాయన చిన్నప్పుడు నేర్చిన విద్య.

"సారమంతా ఇయ్యే తాగేస్తా ఉండాయి. గిల్లెయ్, తల కడతాది."

రోజూ గిల్లాను. కిందివి గిల్లితే పైన వచ్చేవి. వాటిని తిని మా మేక మాత్రం బాగా బలిసింది. నాకు ఆ మొక్కలను చూస్తేనే ఒళ్ళు మండేది.

పండుగ రెండు రోజులుందనగా డాక్టరమ్మ తనే జట్కా దిగి పెరట్లోకి వచ్చింది. బోసిగా ఉన్న కాండాలను తడిమి, మున్షీ దగ్గర నేర్చిన పుస్తకాల తెలుగులో అడిగింది: "ఇచ్చట ఉండవలసినవి ఏమాయెను?"

"గిల్లేసినామమ్మా, తలకు బలం రావల్లని" అన్నాడు నాయన, కాస్త గొప్పగానే.

తినేది ఆ పిలకలనేనని ఆమె మెల్లగా చెప్పింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది.

పోయిన కూర పోయింది, ఇప్పుడైనా అడుగుతాడని నేను గుమ్మంలో నిలబడి నాయన ముఖమే చూస్తున్నాను. ఆయన తలగుడ్డ తీసి మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. వెళ్ళబోతూ ఆమే ఆగింది.

"ఇంకేమైనా చెప్పవలెనా?"

"ఏం లేదమ్మా."

ఆమె నా వైపు కూడా చూసింది, నేనేమైనా అంటానేమోనని. నేను తల దించుకున్నాను. జట్కా కదిలిపోయింది.

మాఘమాసంలో నాకు పెళ్ళి చేశారు. నాయన మీద కోపం ఆయన పోయేదాకా తగ్గలేదు. ఆ రోజు నేనైనా నోరు తెరవలేదని నాకు నేను ఒప్పుకున్నది ఆయన పోయిన తర్వాతే.