కొంగు

కరోనా రోజులు. నాకు మూడో నెల, పైగా జ్వరం. బార్డోలీ నుంచి సూరత్‌కు బస్సులో వస్తుంటే మాస్కులోనే వాంతయింది. పక్కవాళ్లు లేచి దూరం జరిగారు. సిగ్గుతో తల దించుకుని “అయ్యో దేవుడా” అని మూలిగాను. ఆ తెలుగు విని వెనక సీటులోంచి ఒకామె వచ్చి, కొంగు దోసిలిలా పట్టింది.

“గిండ్ల కక్కు చెల్లె.”

“మూడో నెలక్కా, జ్వరం ఉంది. చీర కూడా పాడైతది.”

“సూరత్‌ల చీరలకేం కరువు? కడుపుతోటి ఉన్నదానివి, జర నిమ్మళంగుండు.”

ఆపుకోలేక ఆమె కొంగులోనే కక్కాను. ఆమె మొహం తిప్పుకోలేదు. నేనే ఆమె మొహం చూడలేకపోయాను.

మొన్న బస్సులో ఒక గర్భిణికి వాంతి వస్తుంటే నా చేయి కొంగు మీదికి పోయింది. కట్టుకున్నది కొత్త చీరని గుర్తొచ్చి, అక్కడే ఆగిపోయింది.