దెగ్లూర్‌లో లేని శకుంతలాబాయి

మా ఆయన పోయారు. కబురు చెప్పింది ఆయన దోస్తు. ఇద్దరూ కలిసి నాందేడ్ స్టేషన్ రోడ్డులో చిన్న ఆఫీసు నడిపేవారు. ఫోన్లో అతనన్నాడు: "వదినె, జర కూసోని ఇను. అన్న దెగ్లూర్ బస్టాండ్ల బస్సు దిగంగనే పడిపోయిండట. దవాఖానకు తీస్కపోయేలోపే..." అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. నా చెవికి ఎక్కింది దెగ్లూర్ అన్న మాటే. ఏడుపు కంటే ముందు నా కడుపులో లేచిన మంట సంగతి చెబితే మీరు నవ్వుతారు. 'చివరికి ఆమె ఊళ్లోనే పోయారా!' అనుకున్నాను.

ఆమె అంటే శకుంతలాబాయి. మా ఆయన గురించి చెప్పాలంటే ఆమె గురించి చెప్పక తప్పదు. నాకు ఇష్టం లేకపోయినా సరే.

మా ఆయనది అంగళ్లకు సాఫ్ట్‌వేర్ పెట్టించే పని. ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మేవాళ్లు, ట్రాక్టర్ షోరూములవాళ్లు తమ గిరాకీల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏం కొన్నారు, ఎవరితో ఏం మాట్లాడారు, అన్నీ అందులో రాసి పెట్టుకుంటారు. కొత్త సేఠ్‌కు దాన్ని చూపించి అమ్మాలంటే ఖాళీగా చూపిస్తే లాభం లేదు. "ఖాళీ అల్మారలు వెట్టి దుకాణం తెరిస్తే ఎవడన్న లోపటికొస్తడా?" అనేవారు. అందుకని లేని మనుషులను పుట్టించి, పట్టికలో వరుసగా రాసి, ఆ పట్టికను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేవారు. వేరేవాళ్లు 'గిరాకి ఒకటి, గిరాకి రెండు' అని రాసి చేతులు దులుపుకుంటారట. ఈయనకు అది సయించదు. అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు కదా, ఆ మాటను ఇంత నిష్ఠగా పాటించిన మనిషిని నేను చూడలేదు.

ఆదివారం పొద్దున చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవారు. నేను పక్కన జాకెట్లు కుట్టుకునేదాన్ని.

"సగరోళి దిక్కు ఒక మాస్తరు కావాలె. పేరు చెప్పు."

"మీరే చెప్పుండ్రి, మీరే కదా పుట్టిచ్చేది."

"పేరు నువ్వు పెట్టు. బడి విడిచినంకనే ఫోన్ ఎత్తుతడని నేను రాస్త."

ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరిని పెట్టేవారు. ఒక గిరాకీ తన ఫోన్ నంబరుకు బదులు బామ్మర్ది నంబరు ఇచ్చినట్టు రాసేవారు. "గిట్ల గడబిడ ఉంటెనే సేఠ్ నమ్ముతడు" అనేవారు. నంబర్లన్నీ ఒకటితో మొదలయ్యేవి. అలాంటి సెల్ నంబరు దేశంలో ఎవరికీ ఉండదని, పొరపాటున కూడా బతికున్న మనిషికి ఫోన్ పోకూడదని ఆయన జాగ్రత్త. పుట్టినరోజులు సగం మందికి జూన్ ఒకటే. మా దిక్కు పిల్లల్ని బళ్లో వేసినప్పుడు పుట్టిన తేదీ తెలియకపోతే మాస్తర్లు వేసే తేదీ అది. నాదీ అదే.

శకుంతలాబాయికి మాత్రం జూన్ ఒకటి వేయలేదు. మంచి మాఘమాసంలో ఒక తేదీ చూసి వేశారు. దెగ్లూర్ బస్టాండు దగ్గర మెస్ నడుపుతుందట, ఫ్రిజ్ కొంటుందట. పట్టిక మొత్తం ఎక్కించే ముందు ఒక్క వరుసనే ఎక్కించి సరిగా పోయిందో లేదో చూడాలి. ఆ ఒక్క వరుస ఎప్పుడూ ఆమెదే. ఒకసారి ఆ పరీక్ష చేయకుండా దోస్తు ఎక్కించేశాడు. పట్టికలో గడులన్నీ ఒకటి పక్కకు జరిగి పేరు ఉండాల్సిన చోట ఊరు కూర్చుంది. 'నమస్కారం దెగ్లూర్ గారూ, జన్మదిన శుభాకాంక్షలు' అని తెర మీద వచ్చిందట. ఆయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, "శకుంతలాబాయిని ముందుగాల పంపకుంటే గిట్లనే అయితది" అన్నారు. నేను నవ్వలేదు.

నవ్వు ఎలా వస్తుంది? అన్నం దగ్గర కూర్చుంటే ఆమె ముచ్చటే. "శకుంతలాబాయి ఫ్రిజ్ రంగు మార్చమన్నది." "శకుంతలాబాయికి 'మేడం' అంటే నచ్చది, 'బాయి' అనాలె." ఆయన పుట్టించిన వాళ్లలో ఆమె ఒకతి అని అప్పటికి ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు; నిజం గిరాకీయే అనుకున్నాను. పుట్టించిన మనిషికి రంగుల పట్టింపు ఉంటుందా? ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ చూశాను. ఆమె పేరు కింద ఎంత రాశారో! 'మధ్యాహ్నం రెండు దాటాకే ఫోన్ చేయాలి, అప్పటిదాకా వంట పనిలో అలసిపోయి ఉంటుంది. తొందర పెట్టకూడదు. దసరా ముందు మాహూర్ వెళుతుంది, ఆ వారం ఇబ్బంది పెట్టవద్దు.'

నాకు ఒళ్లు మండిపోయింది. మాహూర్ రేణుకమ్మ దగ్గరికి తీసుకుపొమ్మని నేను ఎన్నేళ్లుగా అడుగుతున్నాను! 'ఈసారి పనున్నది' అంటారు. ఆమెను మాత్రం ఏటా పంపిస్తారా? వెంటనే ఆ నంబరుకు ఫోన్ చేశాను. మరాఠీలో ఒక ఆడగొంతు, నంబరు సరిచూసుకోమంది. 'దొంగ నంబరు కూడానా!' అనుకున్నాను. తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చిన మనిషిని గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఎవలామె? సాఫ్ చెప్పుండ్రి!"

ఆయనకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత గోడకు ఆనుకుని నవ్వారు. "నంబరు సూడలేదా? ఒకటితోని మొదలైతది. అరే, లేని మనిషితోని పంచాయతేందే?"

"లేని మనిషైతే గంత మంచిగెట్లున్నది?"

"లేదు గనుకనే" అన్నారు.

"మరి నన్నెందుకు రాయలే?"

"నిన్ను రాస్తే, ఎప్పుడు ఫోన్ చేసినా తిడతదని రాయాలె. ఇగ సాఫ్ట్‌వేర్ ఎవడు కొంటడు?"

నేనూ నవ్వేశాను. కానీ మంట ఆరలేదు. ఉన్న మనిషి మీద అసూయ అయితే వెళ్లి జుట్టు పట్టుకోవచ్చు. లేని మనిషిని ఏం చేస్తాం? రెండు మూడు వాక్యాల్లో ఒక ఆడదాని అలసటను అంత బాగా అర్థం చేసుకున్న మనిషి, నేను కునుకు తీసే వేళకే ఫోన్ చేసి 'తాళంచెవి ఏడ వెట్టినవ్?' అని అడిగేవారు.

అయినా ఆయన మంచి మనిషి. మౌస్ పట్టుకోవడం రాని ముసలి సేఠ్‌ల పక్కన గంటలు కూర్చునేవారు, విసుక్కోవడం నేను చూడలేదు. బస్సు దిగేటప్పుడు కండక్టరుకు చెప్పి దిగేవారు. తిన్న కంచం తనే కడిగేవారు. నేను ఎంత గొడవపడినా, 'చాయ్ తాగుతవా?' అని ఆయనే ముందు పలకరించేవారు. ఆ చాయ్‌లో చక్కెర ఎప్పుడూ ఎక్కువే. చెప్పి చెప్పి నేనే దానికి అలవాటుపడ్డాను.

పదో రోజుకు సేఠ్‌లు చాలామంది వచ్చారు. ఒకాయన చేతులు జోడించి, "శకుంతలాబాయి ఉన్నది గదా, ఆమెను చూపిచ్చి చెప్తెనే మాకు సమజైంది. బహుత్ మంచిగ చెప్తుండె" అన్నాడు. గమనించారా? ఆమె ఇంకా 'ఉన్నది'. ఆయన మాత్రం 'చెప్తుండె', అంటే ఒకప్పుడు చెప్పేవాడు. అంతమంది మధ్య కూర్చుని, ఆ రెండు మాటలకు నేను పళ్లు కొరికాను.

మొన్న దోస్తు ఇంటికి వచ్చాడు. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి మాట మొదలుపెట్టాడు.

"వదినె, అన్న పేరు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లకెల్లి తియ్యాలె. తీస్తే ఆ నమూనా గిరాకీలకు చూసుకునేటోళ్లు ఉండరు. ఒక్కో గిరాకికి చూసుకునేటోళ్ల పేరు లేకుంటే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మిగిలినోళ్లను నా పేరు మీదికి మార్చుకున్న."

"ఆమెను?"

"ఆమెను మార్చబుద్ధి కాలే. వద్దంటే తీసేస్త. నువ్వే చెప్పాలె."

"తీసేస్తే ఏమైతది?"

"ఏమైతది, పోతది."

ఎన్నేళ్లు ఎదురుచూశాను ఆ మాట కోసం! 'తీసెయ్' అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన అంత శ్రద్ధగా చూసుకున్న మనిషిని ఎవరో ఒక మీట నొక్కి చెరిపేస్తారంటే ప్రాణం ఒప్పలేదు. పోనీ ఇంకొకరి చేతిలో పెడతారా? అదీ ఓర్వలేకపోయాను.

"నా పేరు వెయ్యి" అన్నాను.

అతను నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. నా ఫోన్ తీసుకుని అందులో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఆమెతో మాట్లాడాల్సిన వేళకు అదే మోగి గుర్తు చేస్తుందని చెప్పి, ఎలా వాడాలో చూపించి వెళ్లాడు.

నిన్న మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ మోగింది. కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి చూశాను. 'శకుంతలాబాయితో మాట్లాడాలి' అని తెర మీద ఉంది. దాని కింద 'ఏం మాట్లాడారు?' అని ఒక ఖాళీ డబ్బా. అది నింపితే గానీ పక్కకు పోదట. ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాను. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను:

'ఆయన పోయిన కబురు చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. నేను వద్దనలేదు.'