పైకప్పు లేని మరుగు

గురుబరపల్లి దగ్గరి మా పల్లెలో ఆడవాళ్లు పొద్దు పొడవకముందే లేచి, బావి పక్కన గబగబా నాలుగు చెంబులు పోసుకుని వచ్చేవాళ్లు. వెలుతురొస్తే దారిన పోయేవాళ్ల కళ్లన్నీ అక్కడే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, అరవైల మొదట్లో, ఇంక ఇలా కుదరదంది మా అత్త. మాది రాళ్లు కొట్టే ఇల్లు. బండపలకలు నిలబెట్టి నాలుగు వైపులా మరుగు కట్టుకుందామని ఆడవాళ్లమంతా అనుకున్నాం. అంతకుమించి ఏమీ కోరలేదు. పలకలు మగవాళ్లు కొట్టిచ్చారు, మోసింది మేము.

రెండు వైపులు లేచేసరికి ఊరిపెద్ద వచ్చి చూశాడు. "ఎట్లాగూ గోడ లేస్తా ఉంది కదా, పైన కప్పేస్తే భజనకూ పనికొస్తుంది" అన్నాడు. ఇంకొకరికి పంచాయతీ రేడియో గుర్తొచ్చింది. దానికీ అక్కడే గది కావాలట. అంత బరువుకు పలకలు ఆగవు, పునాది తియ్యాలన్నాడు మా మామ. ఇంకా నిలబెట్టని పలకలు పక్కన పడేసి మగవాళ్లు పునాదికి ముగ్గు పోశారు. వానలు వచ్చి పోయాయి. పునాది లేవలేదు. మా స్నానాలు చీకట్లోనే.

ఒక ఉదయం అత్త గడ్డపార నా చేతికిచ్చి "పోదాం పామ్మా" అంది. నలుగురం కలిసి ముగ్గు చెరిపేసి, మిగిలిన పలకలు నిలబెట్టేశాం. ఊరిపెద్ద పరుగున వచ్చాడు.

"ఎవుర్ని అడిగి నిలబెట్టినారమ్మా? రేడియో యాడ పెట్టేది?"

"మీ తిన్నె మీద పెట్టుకోప్పా. ఈడ మేము నీళ్లు పోసుకుంటాము" అంది అత్త.

"ఊరి మాటకే ఎదురు చెప్తావా?"

"మేము ఊరు కాదా?"

అత్త బిందెతో లోపలికి పోయింది. "ఇదో, పోసుకుంటా ఉండాను. ఆడనే నిలబడతావా, పోతావా?"

నీళ్ల చప్పుడు వినిపించింది. నేను గడ్డపార పట్టుకుని మరుగు వాకిట్లోనే నిలబడ్డాను. ఆయన తల తిప్పుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నీళ్లు నిలిచి బురదైతే కాలువ తవ్వాం. స్నానానికి అది కావలసిందే. బట్టలుతికే బండ కూడా లోపలే వేద్దామని నేనడిగితే అత్త నా మీదా కసురుకుంది. "దానికి వేరే చోటు చూడు. నీ బండ వేస్తే రేపు ఇంకొకరి రోలొస్తుంది."

ఆ ఏడు ఊరిపెద్ద ఇంటి పెళ్లికి మాకు పిలుపు తాంబూలం రాలేదు. మామ చిన్నబోయి కూర్చున్నాడు.

"వాళ్ల ఆకు లేకుంటే మన నోరు పండదా?" అని అత్త తన ఆకువక్కల సంచి విప్పి, ఆయనకూ నాకూ తలా ఒక ఆకు చుట్టి ఇచ్చింది.