పంటికింద ఇసుక

యుఫేమియా అత్తని మీరు తప్పకుండా కలవాలి! అమెరికాలోని న్యూమెక్సికోలో, వాళ్ళ ఊళ్ళో ఉన్న స్పెయిన్ పాలననాటి మట్టి చర్చికి ఏటా రైతుల పునీతుడు సాన్ ఇసిడ్రో పండగ ముందు ఆడవాళ్ళంతా చేతులతో మట్టి మెత్తుతారు. కలిపిన మట్టిలో ఇసుక సరిపోయిందో లేదో ఆవిడే చెప్పాలి. చిటికెడు పంటికింద నలిపి, తుపుక్కున ఉమ్మి, "ఊఁ, కానివ్వండే!" అంటుంది. ఈసారి కొత్త కట్టుడుపళ్ళతో నమిలి అదే మాట అంది. మట్టి జిగురుగా చేతికి అంటుకుంటుంటే ఇసుక తక్కువైందని మేనకోడలు డెల్ఫీనాకి తెలిసింది. కానీ అందరి ముందూ అత్త మాట కాదనలేక ఊరుకుంది. పండగనాడు తెల్లారేసరికి, ఇసుక చాలక గోడ నిండా నెర్రెలు. అత్త వాటిని వేళ్ళతో తడిమింది.

"నీకు నిన్ననే తెలుసు కదే?"

"తెలుసత్తా."

"నా పరువు కాపాడి, గోడ పాడుచేశావు!"

డెల్ఫీనా స్థానంలో మీరుంటే నోరు విప్పేవారా?