ఫలశ్రుతి అయ్యేదాకా

పసుపు కమీషన్ దుకాణం తమ్ముడికి అప్పగించాక మా ఆయన భక్తిలోకి దిగారు. ఆర్మూరులో మా వీధివాళ్లు కొందరు శుక్రవారం సాయంత్రాలు కలిసి అమ్మవారి సహస్రనామం చదివేవారు. ఏడాది తిరిగేసరికి ఆయనే వాళ్లకు పెద్ద. గొంతు బాగుంటుంది, ఆ మాట కాదనను. సంస్కృతం రాకపోయినా ఫోన్లో విని, ఒత్తులూ దీర్ఘాలూ పట్టుబట్టి నేర్చుకున్నారు. వంట చేస్తూ నేను నాలుగు నామాలు పైకి అంటే హాల్లోంచి కేక వచ్చేది.

"అది 'న' కాదు, 'ణ'. అక్షరం తప్పితే పాపం తగుల్తది. రాకుంటే ఊకో."

ఊరుకునేదాన్ని.

మొన్న శ్రావణంలో అందరం కలిసి బస్సు మాట్లాడుకుని ఒక అమ్మవారి గుడికి పోయాం. ఆ గుడి పేరు చెప్పను, గుడిది ఏ తప్పూ లేదు. పారాయణం పూర్తయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టవద్దని ముందు రోజే మా ఆయన అందరికీ చెప్పారు. నాకు షుగర్ ఉంది.

"డాక్టర్ పరిగడుపున ఉండొద్దన్నడు గదండి," అన్నాను.

"ఒక్క పూటకే ఏమైతది? అమ్మవారు చూస్కుంటది."

పొద్దున లాడ్జిలో అలవాటుకొద్దీ షుగర్ గోలీ వేసుకున్నాను. తినడానికి మాత్రం ఏమీ లేదు.

మండపంలో ఆయన ముందు వరుసలో మైకు దగ్గర కూర్చున్నారు. నేను వెనక, స్తంభానికి ఆనుకుని. సగం అయ్యేసరికి చెమటలు పట్టాయి. నామాలు ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి. "ఏమండీ" అని పిలిచాను. రెండోసారి ఇంకా గట్టిగా. ఆయన తిరిగి చూశారు. నా మొహం చూశారు. చదువుతూనే అరచెయ్యి పైకెత్తి, ఆగమన్నట్టు సైగ చేసి, మళ్లీ అమ్మవారి వైపు తిరిగారు. పక్కనున్న ఆడవాళ్లు ఆయన వైపు చూశారు; ఆయన లేవలేదు కాబట్టి వాళ్లూ లేవలేదు. ఆ తర్వాత నేల చల్లగా చెంపకు తగలడం గుర్తుంది, అంతే.

నోట్లో పటికబెల్లం కరుగుతుంటే కొంచెం తెలివి వచ్చింది. దండలు ఇవ్వడానికి గుడిలోకి వచ్చిన పూలామె నన్ను లేపి, నా చెయ్యి తన భుజాన వేసుకుని నడిపిస్తోంది. ఆటోలో నా తల తన ఒళ్లో పెట్టుకుంది.

"నీ ఎంబడి ఎవ్వలు లేరా అక్కా?"

"ఉన్నరు."

"ఏడున్నరు?"

"లోపల. చదువుతున్నరు."

ఆమె ఆటోవాణ్ణి తొందరగా పొమ్మంది. దవాఖానలో గ్లూకోజు ఎక్కుతున్నంతసేపూ నా అరికాళ్లు రుద్దుతూ కూర్చుంది. మధ్యమధ్య కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పూలగంప గుడి దగ్గరే వదిలేసి వచ్చింది.

మా ఆయన శాలువాతో, ప్రసాదంతో వచ్చారు. "జర జరుగమ్మా," అని పూలామెను పక్కకు జరిపి నా నుదుట కుంకుమ పెట్టారు. మొహం వెలిగిపోతోంది.

"సరిగ్గ ఫలశ్రుతి అయిపోయే టైముకే నీకు తెలివొచ్చిందట. చూసినవా అమ్మవారి మహిమ?"

నేను తిరిగి చూసేసరికి ఆమె గుమ్మం దాటి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన ఈ సంగతి దుకాణంలో చెప్పారు, శుక్రవారం మైకులో చెప్పారు. చెప్పిన ప్రతిసారీ కొంచెం మారింది. మొదట పూలామె "ఎవరో ఒకామె". తర్వాత "ఎక్కడినుంచి వచ్చిందో ఎవ్వలకు తెల్వదు". బాల్కొండ నుంచి చుట్టాలు వచ్చిన రోజు, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పారు.

"పూలమ్మే ఆమె రూపంల అమ్మవారే వచ్చింది. నేను పారాయణం ఇడువలే, తల్లి నా భార్యను ఇడువలే."

చుట్టాలు చేతులు జోడించారు. నేను చాయ్ పళ్లెం కింద పెట్టాను.

"అమ్మవారు కాదు. మనిషి. దగ్గుతోనే నన్ను మోసింది. ఆమె గంప ఏమైందో కూడ మనం అడగలే. నేను పిలిస్తె మీరు చూసిండ్రు. చూసి, ఆగుమని చెయ్యెత్తిండ్రు."

ఆయన నవ్వారు.

"షుగర్ ఉన్నోళ్లకు చిరాకు ఎక్కువ," అన్నారు చుట్టాలతో. వాళ్లూ నవ్వి, చాయ్ అందుకున్నారు.

అప్పటినుంచి శుక్రవారాలు నేను అక్కడికి పోవడం లేదు. ఎందుకని ఆయన అడగలేదు. నాకు ఒంట్లో బాగుండటం లేదని అందరికీ చెబుతున్నారు.

కార్తీకంలో మళ్లీ బస్సు మాట్లాడారు. నేను రానన్నాను. "నీ ఇష్టం," అన్నారు. బట్టలు సర్దిపెట్టాను. మధ్యాహ్నం దారిలోంచి ఫోన్ చేశారు, జలుబు గోలీలు ఏ సంచిలో పెట్టానో అడగడానికి. చెప్పాను. సరే అని పెట్టేశారు.