పగలని తలుపు

జునిల్డా చేతివంట ఎరగని నోరు ఆ బస్తీలో లేదు, చెప్పులు కుట్టే ముసలి ఉబాల్డోది తప్ప. శాంటియాగో శివార్లలో ఫ్యాక్టరీలు మూతబడ్డప్పటి నుంచీ అక్కడి ఆడవాళ్లు ఒకే పెద్ద డేగిసాలో వండుతున్నారు. తలా గుప్పెడు చిక్కుడు గింజలో, గుమ్మడి ముక్కో తెచ్చి వేస్తారు. గిన్నెతో వరసలో నిలబడ్డవాణ్ణి నువ్వెవరని అడగకూడదు, అది కట్టుబాటు. ఉబాల్డో వస్తే మాత్రం జునిల్డా గరిటె బోర్లించేసేది.

కారణం అతని తలుపు. ఐదేళ్ల కిందట ఒక తెల్లవారుజామున సైనికులు బస్తీని చుట్టుముట్టారు. భయంతో జనం ఇంటికి రెండేసి గడియలు బిగించుకున్న రోజులవి. ఒక్కో తలుపూ బూటుకాళ్లతో తన్ని విరగ్గొట్టారు. తుపాకి మడమ దెబ్బకి జునిల్డా పళ్లు మూడు రాలాయి. పంతొమ్మిదేళ్ల కొడుకు ఎలీసెయోని జుట్టు పట్టి ఫుట్‌బాల్ మైదానానికి ఈడ్చుకెళ్లి, అక్కడే కాల్చి చంపేశారు. తెల్లారాక చూస్తే వీధి మొత్తానికి నిలిచింది ఉబాల్డో తలుపొక్కటే. ఇంకేం సాక్ష్యం కావాలి? వేగు వీడేనన్నారు అంతా. కడుపు కాలిన తల్లి నమ్మకుండా ఎలా ఉంటుంది?

దేశాన్ని సైన్యంతో ఏలుతున్న జనరల్ ఇంకా గద్దె మీద ఉండాలా వద్దా అన్న ఓటింగులో "వద్దు" గెలిచింది. మర్నాడు బస్తీ అంతా వీధిలోకొచ్చి గంతులేసింది. మధ్యాహ్నానికి వైన్ తలకెక్కింది.

"అక్కా, సిపాయిల్ని ఎటూ ఏం పీకలేం. ఆ ముసలి నక్క సంగతైనా తేలుద్దామా?" అన్నాడు పక్కింటి నెల్సన్.

జునిల్డా డేగిసా కలిపే ఇనప తెడ్డు అందుకుంది. "పదరా. మొదటి దెబ్బ నాది."

నెల్సన్ పరుగున వెళ్లి తలుపు తన్నాడు. అది ఠక్కున తెరుచుకుంది, వాడు లోపల బోర్లాపడ్డాడు. పీట మీద ఉబాల్డో, ఒళ్లో ఎవరిదో తెగిన బూటు.

"తోస్తే వచ్చే తలుపుని తంతావేంట్రా నాయనా? ఆ సిపాయిలకీ ఇదే చెప్పా..."

"ఏం చెప్పావురా? నా కొడుకు పేరా?" తెడ్డు దిగింది. ముసలాడి నుదురు పగిలింది. తర్వాత కర్రలు, ఇటుకలు, కాళ్లు. గోడ మీదికి నెత్తురు చిమ్మింది. అతను అరవడం మానేశాక కూడా కొడుతూనే ఉన్నారు.

బయటికొస్తూ జునిల్డా రొప్పు తీర్చుకోడానికి తలుపు పట్టుకుంది. చేతికి గడియ తగల్లేదు. పైనుంచి కిందిదాకా తడిమింది. గడియ లేదు సరే, మేకు దిగిన చిల్లైనా లేదు. ఆ చెక్కకి ఏనాడూ గడియ బిగించనేలేదు. తన్నే పని సిపాయిలకి పడలేదు, అంతే.

ఏడాదిన్నరకి కొత్త ప్రభుత్వం, చచ్చినవాళ్ల పేర్లు రాసుకోమని ఒక అమ్మాయిని బస్తీకి పంపింది. జునిల్డా ఎలీసెయో పేరు చెప్పింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకో పేరు రాసుకో తల్లీ. ఉబాల్డో సెపుల్వెదా. చెప్పులు కుట్టేవాడు."

"ఎవరు చంపారమ్మా, సైనికులేనా?"

"కాదు. మేమే. మొదటి దెబ్బ నాది."

వెనక వరసలోంచి నెల్సన్ ముందుకు దూసుకొచ్చాడు. "ఊరుకో అక్కా! అందర్నీ జైల్లో పెట్టిస్తావా ఏంటి?"

అమ్మాయి కలం ఆగింది. "ఈ పుస్తకం సైన్యం చంపినవాళ్లకేనమ్మా."

"అయితే ఇంకో పుస్తకం తెప్పించు" అంది జునిల్డా. "వచ్చేదాకా ఇక్కడే కూచుంటా."