రెండు ట్రక్కుల మట్టి

మా పెరడు నా చేతుల మీదుగానే పోయింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే ఎండ అని ఒకసారి, బోరు నీళ్ళని ఒకసారి చెప్పాను. రెండూ అబద్ధమే. మట్టి అడిగింది నేను, తెప్పించింది నేను, దగ్గరుండి పోయించింది నేను.

మాది అవనిగడ్డకు ఆటోలో పావుగంట దూరం. ఇంటి వెనక ఆరు సెంట్ల జాగా. అందులో ఉన్నవన్నీ మా ఆవిడ పెట్టినవే. నేను వరి తప్ప ఇంకోదాన్ని పంటగా లెక్కచేసే మనిషిని కాను. మల్లెపాదులకీ కనకాంబరాలకీ నీళ్ళు మోస్తుంటే పనీపాటా లేదని వెక్కిరించిన రోజులున్నాయి. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ పెరట్లోనే. బట్టలుతికే బండ మీద సుద్దముక్కతో రాసి దిద్దించేది. తప్పు రాస్తే చెంబుతో నీళ్ళు పోసి తుడిచేసి, మళ్ళీ రాయమనేది. ఒక్కసారి కూడా నవ్వలేదు. నవ్వి ఉంటే నేను రెండో రోజు కూర్చునేవాణ్ణి కాదు.

చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చే రోజుల్లో ఆ పెరడు చూడాలి. బయట చేలన్నీ బీటలు వారి ఉంటే, మా ఇంటి వెనక మాత్రం సాయంత్రానికి మల్లెలు విచ్చేవి. కోసి, మాల కట్టి, చుట్టుపక్కల నాలుగిళ్ళకూ తలా మూర పంపేది. గోడ మీద తొండలు మెడ ఎర్రగా చేసుకుని ఒకదాన్నొకటి బెదిరించుకునేవి. తూము దగ్గర తడిలో ఒక ముసలి కప్ప. నిమ్మచెట్టు మీద, రెండాకులు దారంతో కుట్టినట్టు దగ్గరకు లాగి గూడు పెట్టుకునే బొటనవేలంత పిట్ట ఏటా వచ్చేది. అది గూడు పెట్టిందంటే ఆ కొమ్మన కాయ కోయనిచ్చేది కాదు మా ఆవిడ. పులిహోరకి నిమ్మకాయలు పక్కింట్లో అడిగి తెచ్చేది, చెట్టు నిండా కాయలు పెట్టుకుని.

మా వైపు ఎండాకాలంలో కాలువలకు నీళ్ళు ఆపేస్తారు. ఊరి చెరువు అడుగంటితే ఆ ఒండ్రు తవ్వి దొడ్లకీ చేలకీ తోలుకోవడం మా నాన్న కాలం నుంచీ ఉన్నదే. ఒకసారి తోలితే రెండేళ్ళు ఎరువు అక్కర్లేదు. ఇప్పుడా చెరువు మంచినీళ్ళకి పెట్టి చుట్టూ కంచె వేశారు. తట్టెడు మట్టి తీయనివ్వరు. పాదులు నీరసించాయి, చెరువు మట్టి పడితే బాగుండును అని మా ఆవిడే ఒకటికి రెండుసార్లు అంది. ఆ మాట పట్టుకున్నాను నేను.

మా బావమరిదికి, అంటే ఆవిడ తమ్ముడికి, ఇంతకుముందు ముదినేపల్లిలో చేపల చెరువులుండేవి. ఆ చెరువు మట్టే గట్టు మీద కొబ్బరిచెట్లకు వేయించేవాడు. ఆ గెలలు నా కళ్ళతో చూశాను. తర్వాత అవి వదిలేసి, మా ఊరికి కిందుగా సముద్రం వైపు రొయ్యల చెరువులు తీసుకున్నాడు. ఆ ఏడు రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి అడుగు గీకిస్తున్నాడని తెలిసి ఫోను చేశాను. మనిషి అతనే, చెరువు చెరువే, మట్టీ అదే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే రెండు ట్రాక్టరు ట్రక్కులు వచ్చి ఆగాయి. వెనకే మోటారుసైకిల్ మీద అతనూ వచ్చాడు.

నల్లగా, మెత్తగా, వెన్నలా ఉంది మట్టి. ఎవరు చూసినా మంచి మట్టే అంటారు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. పాతకాలపు ఆడవాళ్ళు అలాగే చూసేవారు. పక్కకు ఉమ్మేసి కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఉప్పగా ఉందండీ. దొడ్లో వద్దు. రోడ్డు వార కుప్ప పోయించండి, రెండు వానలు పడ్డాక చూద్దాం."

ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు. బావమరిది నవ్వలేదు, ఏమీ అనలేదు కూడా. అతను ఏమీ అనకపోవడం అప్పుడే నాకు పట్టాల్సింది. నాకు పట్టింది డ్రైవరు నవ్వు. నలుగురిలో పెళ్ళాం మాటకు మట్టి వెనక్కి పంపాడని ఊళ్ళో చెబుతాడనిపించింది.

"పొద్దున్నే ఆవకాయ తిన్న నోటికి అన్నీ ఉప్పగానే ఉంటాయి. నువ్వు లోపలికి వెళ్ళు" అన్నాను.

వెళ్ళింది. నేను ఇద్దరు కూలీలను పెట్టి మధ్యాహ్నానికల్లా పాదుల చుట్టూ జానెడు మందాన పరిపించాను. సాయంత్రం బోరు వేసి తడిపించాను కూడా.

రెండో రోజు పొద్దున పెరట్లో గోరింకలు గుంపుగా దిగాయి. వానపాములు కుప్పలుగా పైకొచ్చి పడుంటే వాటిని తింటున్నాయి. మట్టిలో బలం ఉంది కాబట్టే పిట్టలు దిగాయని మా ఆవిడను పిలిచి చూపించాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

"అవి కింద ఉండలేక పైకొచ్చాయండీ" అంది.

వారానికి మల్లె ఆకుల అంచులు మాడాయి. మొగ్గలు విచ్చకుండానే రాలాయి. కనకాంబరాలు నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండాయి. తూము దగ్గర కప్ప మళ్ళీ కనపడలేదు. కరివేపాకు చెట్టు పుల్లలు మిగిలింది. మొక్కలకు కావలసింది ఆ ఉప్పును వేళ్ళకు అందనంత కిందికి దించే మంచినీళ్ళు. మా బోరు నీళ్ళు ఉప్పు కడిగేటంత మంచివి కావు. కాలువ రావడానికి ఇంకా నెల పైనే ఉంది. కుళాయి రోజు విడిచి రోజు, గంటసేపు. ఆ గంటలో పట్టిన నీళ్ళు సగం ఇంటికి, సగం నిమ్మచెట్టుకు పోసింది మా ఆవిడ. ఆ ఏడు గూట్లో పిల్లలున్నాయి మరి. నేను కూలీలను పిలిచి మట్టి గీకించాను. అప్పటికే ఉప్పు వేళ్ళ దాకా దిగింది.

బావమరిదికి ఫోను చేసి అడిగాను, ఉప్పని తెలుసా అని.

"రొయ్యల చెరువు మట్టి ఉప్పు కాక ఏముంటుంది బావగారూ? దాన్ని ఎవరి పొలం గట్టున పోసినా కొట్లాటకొస్తున్నారు. ఎక్కడ పొయ్యాలో తెలీక చస్తుంటే మీరే అడిగారు."

ఎదురుగా ఉంటే చేయి చేసుకునేవాణ్ణేమో. కానీ అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అడిగింది నేనే. చెప్పిన మనిషిని లోపలికి పొమ్మన్నదీ నేనే.

నిమ్మాకులు పండి రాలడం మొదలైంది. గూటికి కుట్టిన రెండాకులూ మిగతావాటితో పాటే పసుపెక్కాయి. చుట్టూ నీడ పోయేసరికి గూడు దూరం నుంచి కూడా కనిపించేది. మా ఆవిడ పాత చీర తెచ్చి కొమ్మకు అడ్డం కట్టింది. దానికి బెదిరి తల్లి పిట్ట దగ్గరకు రాకపోతే మళ్ళీ విప్పేసింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటున్నాం. కాకి అరుపు విని ఆవిడ ఎంగిలి చేత్తోనే పరుగెత్తింది. వెళ్ళేసరికి గూడు చిరిగి వేలాడుతోంది. తల్లి పిట్ట గోడ మీద అటూ ఇటూ గెంతుతూ సాయంత్రం దాకా అరిచింది. అంత చిన్న ప్రాణానికి అంత గొంతేమిటో. నేను వీధి అరుగు మీదకు పోయి కూర్చున్నాను. అక్కడికీ వినపడింది.

కాలువ వచ్చాక మూడుసార్లు పెరడంతా నీళ్ళు కట్టాను. మల్లె చిగురు వేయలేదు. నిమ్మచెట్టు కొట్టించాను. తర్వాతి ఎండాకాలానికి దానంతటదే ఇలకూర మొలిచింది, సముద్రం వైపు చవుడు నేలల్లో మొలిచే ఆకుకూర. మా ఆవిడ అది కోసి పప్పులో వేసింది.

"ఉప్పు వెయ్యలేదు. ఆకులోనే ఉంది" అంటూ వడ్డించింది.

రెండు ముద్దలు తిన్నాక, తప్పు నాదే అన్నాను. ఏడాది పట్టింది ఆ మాట రావడానికి.

"ఇప్పుడు నాకెందుకండీ? ట్రాక్టరు దగ్గర నలుగురూ ఉన్నప్పుడు కావాల్సింది" అని మజ్జిగ పోసింది.

ఇది జరిగి మూడేళ్ళు. మల్లెపూలు ఇప్పుడు పక్కింటి వాళ్ళు మూర పంపుతారు. ఆవిడ దేవుడికి పెడుతుంది, తల్లో పెట్టుకోదు. మొన్న పుట్టింటి నుంచి కరివేపాకు పిలక ఒకటి, దాని మట్టితో సహా తెచ్చి పాత బకెట్‌లో పెట్టి, వీధి గుమ్మం దగ్గర ఉంచింది. పొద్దున ఆకులు వేలాడేసి ఉంటే చెంబు తీసుకుని వెళ్ళాను. ఆవిడ లోపలి నుంచే చూసింది.

"మీరు పొయ్యకండి. నేనొస్తున్నా."

చెంబు అక్కడే అరుగు మీద పెట్టాను. ఆవిడ వచ్చింది. చెంబులో వేలు ముంచి, నాలుకకు రాసుకుని, అప్పుడు పోసింది.